టమాటా మొక్కలో కింది ఆకుల మీదే గోధుమ రంగు మచ్చలు ఎందుకొస్తాయి? ఏం చేయాలి?

మచ్చను దగ్గరగా చూడండి. లోపల ఒకదానిలో ఒకటి వలయాలు, చుట్టూ పసుపు అంచు ఉంటే చాలావరకు అది ఆల్టర్నేరియా శిలీంధ్రం తెచ్చే ఆకుమచ్చ తెగులే. పాత ఆకుల చెత్తలో దాక్కుని, నీళ్లు పోసినప్పుడు చిందే మట్టితో పైకి ఎక్కుతుంది. అందుకే కింది ఆకులకే ముందు సోకుతుంది.

మచ్చపడ్డ ఆకులు తుంచి దూరంగా పారేయండి, కంపోస్టులో వేయొద్దు. మొక్క తడిగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకండి. చేతులే తెగులును మోసుకెళ్తాయి. మొదళ్ల చుట్టూ 5 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి పరిచి, పొద్దున్నే మొక్క మొదట్లోనే నీళ్లు పోయండి.

లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రాన్ని అడ్డుకునే మందు) కలిపి, ఆకుల అడుగు కూడా తడిసేలా పిచికారీ చేస్తే కొత్త ఆకులు నిలుస్తాయి. ఉన్న మచ్చ మాత్రం మానదు.

మరుసటి పంటగా అదే మడిలో వంగ, బంగాళాదుంప పెట్టకండి, అవీ టమాటా కుటుంబమే. 2, 3 ఏళ్లు చిక్కుడో బీరో వేయండి.