ఎదకు రాని ఆవులకు మూడు సూదుల పద్ధతి

సందేహం: మాది పర్లాకిమిడి (గజపతి జిల్లా, ఒడిశా) దగ్గర పల్లె. రెండు జెర్సీ సంకర ఆవులున్నాయి. పెద్దది ఈని అయిదు నెలలైంది, పాలిచ్చి పాలిచ్చి బాగా చిక్కిపోయింది. చిన్నది ఈని మూడు నెలలు, ఒళ్లు బాగానే ఉంది. రెండూ ఎదకు రాలేదు. సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో మా బావ మూడు సూదులు వేయించి, ఎద చూడకుండానే చెప్పిన రోజుకి సెమెన్ వేయించాడట. మాకూ వేయించమంటారా?

సలహా: చిన్నదానికి వేయించండి. పెద్దదానికి ఇప్పుడే వద్దు.

అంతకంటే ముందు రెండింటికీ పశువైద్యుడి చేత చూడి పరీక్ష చేయించండి. కోతలయ్యాక పొలాల్లోకి వదిలేస్తే ఊరి ఆంబోతు ఎప్పుడు దాటిందో మీకు తెలియదు. ఎదకు రావడం లేదని చూపించిన ఆవు తీరా చూస్తే చూడిదై ఉండటం మాకు కొత్తేమీ కాదు. అలాంటి ఆవుకి రెండో సూది పడితే ఈసుకుపోతుంది, అంటే కడుపు పోతుంది.

మీ బావగారు చేయించిన పద్ధతిని ఆవ్‌సింక్ అంటారు. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రకటించారు. మొదటి సూది జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను. ఇది అండాశయంలో ఎదిగిన బుడగ నుంచి అండాన్ని విడిపించి, కొత్త బుడగ మొదలయ్యేలా చేస్తుంది. ఏడు రోజులకు వేసే ప్రోస్టాగ్లాండిన్, ఎదను ఆపి ఉంచే కార్పస్ లూటియంను కరిగిస్తుంది. తర్వాత మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్ వేస్తే అండం ఏ వేళకు విడుదలవుతుందో ముందే లెక్క కట్టొచ్చు. మూగ ఎద ఆవులకు, అంటే ఎదకొచ్చినా గుర్తులు పైకి కనబడనివాటికి, ఇది బాగా నప్పుతుంది. మీ చిన్నావుది అదే అయి ఉండొచ్చు, తెల్లవారుజామున తోక కింద జిగురు తీగలు కనిపిస్తున్నాయేమో చూడండి. చీము కారుతుంటే మాత్రం ముందు గర్భకోశానికి వైద్యం.

సోమవారం ఉదయం 8కి మొదటి సూది. పై సోమవారం అదే వేళకి రెండోది. బుధవారం సాయంత్రం 4కి మూడోది. గురువారం ఉదయం 8కి సెమెన్. ఒక్క పూట తప్పినా లెక్క చెడుతుంది. సరిహద్దు పల్లెల్లో ఒక సూది ఇటు, ఇంకోటి అటు వేయించి, ఏది ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియక చేజారిన ఆవుని నేనే చూశాను. తేదీలు కార్డు మీద రాయించుకోండి. ప్రోస్టాగ్లాండిన్‌ని గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, చర్మం నుంచి కూడా ఒంట్లోకి పోతుంది.

అన్నీ సరిగ్గా చేసినా పదింటిలో మూడో నాలుగో చూడి కడతాయి. సెమెన్ వేశాక 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ ఎదకొస్తుందేమో కనిపెట్టండి, రాకపోతే 60 రోజులకు చూడి పరీక్ష.

పెద్దావు సంగతి వేరు. ఒట్టి వరిగడ్డి మీద పాలిచ్చే ఆవుకి అండాశయాలే నిద్రపోతాయి, సూది దేన్ని లేపాలి? నట్టల మందు తాగించి, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, ఒంటి పోషణకిచ్చే దాణా కాక ప్రతి రెండున్నర లీటర్ల పాలకు కిలో చొప్పున దాణా పెట్టండి. తవుడు, తెలగపిండి కలిపినా చాలు. ఒళ్లు చేశాక కూడా ఎదకు రాకపోతే, యోనిలో ఏడు రోజులుంచే ప్రొజెస్టరాన్ (హార్మోను) పరికరంతో ప్రయత్నించొచ్చు.

చిన్నదానికి మొదలుపెట్టేముందు, ఆ గురువారం మీ కేంద్రంలో సెమెన్ స్ట్రాలు, వేసే మనిషి ఉంటారో లేదో కనుక్కోండి. ఉంటారంటేనే సోమవారం సూది.