బటర్‌బర్ ఏ మొక్క, ఎక్కడ పెరుగుతుంది, మైగ్రేన్‌కి వాడొచ్చా?

మీరు అడిగినవి మూడు: బటర్‌బర్ ఏ జాతికి చెందిన మొక్క, ఎక్కడెక్కడ పెరుగుతుంది, మీ చెల్లెలి మైగ్రేన్‌కి ఆ క్యాప్సూల్స్ ఆన్‌లైన్లో తెప్పించొచ్చా అని. మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: డాక్టర్‌కి చెప్పకుండా వద్దు. నాకూ మైగ్రేన్ ఉంది. ఆ క్యాప్సూల్స్ నేనూ మింగాను. తర్వాత ఉద్యోగం మీద జపాన్ ఉత్తరాన హొక్కైడోలో నాలుగేళ్లు ఉన్నప్పుడు ఇదే మొక్కకి దగ్గరి చుట్టాన్ని కూరగా తిన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బటర్‌బర్ అంటే ఒకే మొక్క అనుకోవడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది. అది పెటసైటిస్ అనే ప్రజాతి మొత్తానికీ వాడే పేరు. పొద్దుతిరుగుడు, చామంతి ఉన్న ఆస్టరేసి కుటుంబమే దీనిదీ. గ్రీకులో పెటసోస్ అంటే వెడల్పాటి అంచున్న టోపీ. ఆకు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అడగక్కర్లేదు. పూర్వం యూరప్‌లో వెన్నముద్దల్ని ఈ ఆకుల్లో చుట్టేవారు కాబట్టి ఇంగ్లిష్‌లో బటర్ వచ్చి చేరింది. కుటుంబం లోపల ఇది సెనెసియోనీ అనే తెగలోది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మందు దగ్గరికి వచ్చేసరికి పనికొస్తుంది.

మందుల సీసా మీద కనిపించేది పెటసైటిస్ హైబ్రిడస్. యూరప్‌లో ఏటి ఒడ్డున, తడినేలల్లో గుంపులుగా పెరుగుతుంది. ఆకు 70 సెంటీమీటర్ల వెడల్పు దాకా రావచ్చు. వసంతం మొదట్లో ఆకుల కంటే ముందే గులాబి రంగు పూలకంకి నేలలోంచి పొడుచుకొస్తుంది. ఆకులు తీరిగ్గా తర్వాత వస్తాయి. మగ మొక్క, ఆడ మొక్క వేరు. బ్రిటన్‌లో చాలాచోట్ల ఉన్నవి మగవే, ఆడవి ఎక్కువగా ఉత్తర ఇంగ్లండ్‌లో కనిపిస్తాయి. మరి విత్తనం లేకుండా ఎలా వ్యాపిస్తుందంటే, భూమిలో పాకే దుంపవేరుతో. వరదకి ముక్క తెగి కొట్టుకుపోయి కింద ఇంకో ఒడ్డున నాటుకుంటుంది.

పెటసైటిస్‌లోని మిగతా జాతుల్ని చకచకా చెప్తాను. తెల్లపూల ఆల్బస్ యూరప్ కొండల్లోది. వెనిల్లా వాసనతో చలికాలంలో పూసే ఫ్రాగ్రాన్స్ మధ్యధరా ప్రాంతంది. తోటల కోసం తెచ్చుకుంటే బ్రిటన్, ఐర్లండ్‌లలో కంచె దాటి కలుపై కూర్చుంది. ఫ్రిజిడస్ ఆర్కిటిక్ చుట్టుపక్కలా, ఉత్తర అమెరికాలోనూ ఉంటుంది. అక్కడి ఆదివాసులు దాని ఆకులు కాల్చి, బూడిదని ఉప్పుకి బదులు వాడుకునేవారు. పెటసైటిస్ జపానికస్ జపాన్, కొరియా, చైనా, జపాన్‌కి ఉత్తరాన ఉన్న సఖాలిన్ దీవిలది. జపాన్‌లో దాన్ని ఫుకి అంటారు. అన్నిటికీ కావలసింది ఒకటే: చల్లదనం, తడి, కాస్త నీడ. హొక్కైడోలోనే ఎండ గట్టిగా కాసిన మధ్యాహ్నం ఆకులు వడలిపోయి వేలాడటం చూశాను. వేడి ప్రాంతంలో కుండీలో పెంచుదామనుకుంటే ఆ శ్రమ దండగ. చల్లటి చోట నేలలో పెడితే మాత్రం మళ్లీ పీకడం మీ తరం కాదు.

ఇక ఫుకి సంగతి. హొక్కైడోలో ఉండే రకాన్ని అకితాబుకి అంటారు. కాడ రెండు మీటర్ల ఎత్తు, ఆకు మీటరున్నర వెడల్పు దాకా పోతుంది. అషోరో అనే ఊళ్లో పెరిగే రవాన్‌బుకి ఇంకా ఎత్తు, మనిషి దాని కింద నిలబడొచ్చు. అక్కడి ఆదివాసులైన ఐనూల జానపద కథల్లో కొరొపొక్కురు అనే చిట్టి మనుషులున్నారు. ఆ పేరుకి ఫుకి ఆకుల కింద ఉండేవాళ్లని అర్థం చెప్తారు. మొదటిసారి ఆ ఆకుల మధ్య నడిచినప్పుడు నాకు ఆ కథ వింతగా ఏమీ అనిపించలేదు.

మంచు కరిగేటప్పుడు ముందు కనిపించేది మొగ్గ, ఫుకినొతో. లేత ఆకుపచ్చ పొరలు ఒకదాని మీద ఒకటి ముడుచుకుని, చిన్న క్యాబేజీలా ఉంటుంది. మా ఇంటి ఓనరు పెద్దావిడ దాన్ని సన్నగా తరిగి, మిసోలో (పులియబెట్టిన సోయా ముద్ద), చక్కెరలో వేయించేది. తరిగిన నిమిషంలో నల్లబడిపోతుంది కాబట్టి బాణలి వేడెక్కాకే కత్తి పట్టుకోమనేది. రుచి చేదే, కానీ వేడి అన్నంలో అలవాటైతే వదలబుద్ధి కాదు. కాడలకి పని ఎక్కువ. పీట మీద ఉప్పు చల్లి అరచేత్తో దొర్లించాలి, మరిగే నీళ్లలో ఉడికించాలి, చల్లనీళ్లలో వేసి చివరనుంచి పీచు లాగాలి, మళ్లీ నీళ్లు మార్చి నానబెట్టాలి. నేను ఒకసారి తొందరపడి ఉడికించడం, నానబెట్టడం ఎగ్గొట్టి నేరుగా పులుసులో వేశాను. ఒక్క ముద్ద కూడా తినలేకపోయాను. వేలికొసలు నల్లబడి, రెండు రోజులు సబ్బుకి కూడా లొంగలేదు.

ఆ ఉడికించడం, నానబెట్టడం చేదు కోసమే అనుకునేవాణ్ని. అసలు సంగతి వేరే. సెనెసియోనీ తెగ గుర్తుందిగా? ఆ తెగ మొక్కల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్స్ అనే రసాయనాలుంటాయి. అవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. హైబ్రిడస్‌లోనూ ఉన్నాయి, ఫుకిలోనూ ఉన్నాయి. ఇవి నీళ్లలోకి దిగిపోతాయి కాబట్టి ఉడికించి నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే చాలావరకు తగ్గుతాయి. జపాన్ వ్యవసాయ శాఖ కూడా అలా చేసుకునే తినమంటుంది. ఇంకో మాట: మొగ్గల కోసం పొలం గట్లు తిరిగేవాళ్లు ఫుకినొతో అనుకుని విషపు మొక్కల మొలకలు కోసుకొచ్చి ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. తెలిసినవాళ్లు వెంట లేకుండా కోయకండి. హొక్కైడోలో అయితే ఎలుగుబంట్లకీ ఇదే ఇష్టమైన మేత.

ఇప్పుడు మైగ్రేన్. ఇది వట్టి నాటువైద్యం కబురు కాదు. 2004లో వచ్చిన ఒక ప్రయోగంలో హైబ్రిడస్ వేరు నుంచి తీసిన సారాన్ని 75 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు తీసుకున్నవాళ్లకి నొప్పి వచ్చే సార్లు 48 శాతం తగ్గాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి 26 శాతం. దాంతో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2012లో దీన్ని గట్టిగానే సిఫారసు చేసింది. 2015లో మళ్లీ వెనక్కి తీసుకుంది, కారణం కాలేయం. ఆల్కలాయిడ్స్ తీసేశామని చెప్పిన మందు వాడినవాళ్లలో కూడా కాలేయ మార్పిడి దాకా వెళ్లిన కేసులు బయటపడ్డాయి. బ్రిటన్ 2012లోనే ఈ మందుల్ని మార్కెట్ నుంచి తీయించేసింది. ముక్కు కారే అలర్జీకి ఆకుసారం మీద స్విట్జర్లాండ్, జర్మనీల్లో చేసిన ప్రయోగంలో అది సెట్రిజిన్ అనే అలర్జీ మాత్రతో దాదాపు సమానంగా పనిచేసింది. కానీ అది ఆకు నుంచి తీసింది, మైగ్రేన్‌కి వాడింది మొక్క వేరు నుంచి తీసింది. తయారీ పద్ధతి కూడా ఒకటి కాదు.

నా కథ చిన్నదే. మూడు నెలలు వేసుకున్నాను, నొప్పి రావడం తగ్గినట్టే అనిపించింది. వేరే పని మీద రక్తపరీక్ష చేయిస్తే లివర్ ఎంజైములు పెరిగి ఉన్నాయి. డాక్టర్ అడిగితే "హెర్బల్ కదా అని చెప్పలేదండి" అన్నాను. ఆయన నవ్వలేదు. మానేశాక మామూలుకొచ్చాయి. దానివల్లే పెరిగాయని నిరూపించలేను, మళ్లీ వేసుకుని పరీక్షించే ధైర్యమూ లేదు.

మీ చెల్లెలు గర్భవతి అయినా, పాలిస్తున్నా, లివర్ సమస్య ఉన్నా అసలు ముట్టుకోవద్దు. చామంతి కుటుంబం మొక్కలు పడనివాళ్లూ అంతే. సీసా మీద పీఏ ఫ్రీ (పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్స్ లేవు) అని ఉంటే అది కంపెనీ చెప్పే మాట మాత్రమే. ఇప్పటికే కొన్ని వేసుకుని ఉంటే ఆపేసి, ఆ సీసా తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించి లివర్ ఫంక్షన్ టెస్ట్ అడగండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.