తమ్ముడు ఏడుస్తుంటే అన్న నవ్వితే

"మా బాబుకు మూడేళ్లు. తమ్ముడు పడి ఏడుస్తుంటే నవ్వుతాడు. వాడికి జాలి లేదా?" అని అడిగారు. మీ భయం నాకు తెలుసు. మా అమ్మాయి ఇదే వయసులో ఇలాగే నవ్వేది. ఆ నవ్వు గుర్తొచ్చి నాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత గమనించాను, నవ్వుతున్నా దాని కళ్లు నా ముఖం మీదే ఉండేవి. ఏం చేయాలో తోచని నవ్వు అది.

ఆసుపత్రిలో ఒక పసిబిడ్డ ఏడిస్తే పక్క మంచం మీది బిడ్డ కూడా అందుకోవడం మీరు చూసే ఉంటారు. జాలికి బీజం అక్కడే ఉంది. ఏడాది దాటాక ఓదార్చాలని చూస్తారు, కానీ తమకు హాయినిచ్చేదే తెచ్చి ఇస్తారు. ఒకసారి నేను జ్వరంతో పడుకుంటే, అప్పటికి పదహారు నెలల మా అమ్మాయి తను నోట్లో పెట్టుకుని నిద్రపోయే పాత చీర ముక్కను తెచ్చి నా పెదవులకు ఆనించింది. ఉమ్ముతో తడిసి ఉంది. దానికి అంతకంటే విలువైన వస్తువు ఇంట్లో లేదు.

ఎదుటివారి ఇష్టం వేరని తెలియడానికి ఇంకొంత కాలం పడుతుంది. మనస్తత్వ పరిశోధకులు బెట్టీ రెపాచోలి, అలిసన్ గోప్నిక్ 1997లో ప్రచురించిన ప్రయోగంలో ఒకామె పిల్లల ఎదుట బ్రకోలీ (కాలీఫ్లవర్‌లా ఉండే పచ్చటి కూరగాయ) తిని ఆనందించి, బిస్కెట్లు తిని ముఖం చిట్లించి, ఆపైన చెయ్యి చాపింది. 14 నెలల పిల్లలు తమకు నచ్చిన బిస్కెట్లే ఇచ్చారు. 18 నెలల పిల్లల్లో ఎక్కువమంది బ్రకోలీ ఇచ్చారు.

ఇక మన ఇళ్ల సంగతి. పిల్లలు పడితే మేమూ నేలను కొట్టి "చీమ చచ్చిపోయింది చూడు" అనేవాళ్లం. ఏడుపు ఆగేది, నొప్పి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఒకరోజు తమ్ముడు గడప తట్టుకుని పడితే మా అమ్మాయి వాడి వైపు చూడకుండా గడపను కొట్టింది. నా గుండె కలుక్కుమంది. అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పి ఆ అలవాటు మానేశాం. "మోకాలు గీసుకుపోయిందా? మండుతోందా?" అని అడిగి ఊదడం మొదలుపెట్టాం.

"సారీ చెప్పు" అని బలవంతపెట్టకండి. మా అమ్మాయి ఆ మాట అనేసి ఆటకు పరుగెత్తేది. ముందు దెబ్బ తగిలిన బిడ్డను ఎత్తుకోండి. పెద్దవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "తమ్ముడి నుదురు ఎర్రబడింది చూడు, ఏం చేద్దాం?" అనండి. జవాబు వెంటనే రాకపోయినా ఓపిక పట్టండి. పిలిస్తే పలకడం, ముఖంలోకి చూడడం కూడా లేకపోతే మాత్రం పిల్లల వైద్యుడికి చూపించండి.

మాకు నాలుగు నెలలు పట్టింది. ఒక సాయంత్రం తమ్ముడి వేలు తలుపు సందులో నలిగింది. మా అమ్మాయి పరుగున వచ్చి ఊదింది. లోపలికి వెళ్లి, తన చీర ముక్కను మంచం మీదే వదిలేసి, వాడి ఎర్ర లారీని తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది.