మంట తగ్గినా మొద్దుబారడం తగ్గలేదు.. కాళ్లను ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న: నా వయసు 58. మధుమేహం వచ్చి 12 ఏళ్లయింది. మెట్‌ఫార్మిన్‌ వాడుతున్నాను. రెండేళ్లుగా అరికాళ్లలో తిమ్మిర్లు, రాత్రి పడుకోగానే మంటలు. నడుస్తుంటే దూది మీద అడుగేసినట్టు ఉంటోంది. ఈమధ్య కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. పెరిఫెరల్‌ న్యూరోపతీ (కాళ్లు, చేతుల నరాలు దెబ్బతినడం) అని చెప్పి ప్రెగాబాలిన్‌ రాశారు. మంట కొంత తగ్గింది గానీ మొద్దుబారడం అలాగే ఉంది. ఇది నయమవుతుందా? రోజూ ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీరు రాసినవాటిలో ఎక్కువ పట్టించుకోవాల్సింది మంట కాదు, చెప్పు జారినా తెలియకపోవడం. మంట నిద్ర చెడగొడుతుంది. స్పర్శ పోతే కాలికే ముప్పు. ప్రెగాబాలిన్‌ నరాల నుంచి వచ్చే నొప్పి సంకేతాలను తగ్గిస్తుందే తప్ప దెబ్బతిన్న నరాన్ని బాగుచేయదు. కాబట్టి మొద్దుబారడం తగ్గలేదని మందు పనిచేయడం లేదనుకోకండి, మీ అంతట మీరు మోతాదు పెంచుకోకండి.

నయమవుతుందా అన్నది కారణాన్ని బట్టి ఉంటుంది. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు కాలివేళ్ల దాకా వెళ్లేవే. అందుకే జబ్బు అక్కడ మొదలై పైకి పాకుతుంది. దాదాపు మోకాళ్ల దాకా వచ్చేసరికి చేతివేళ్లలోనూ తిమ్మిర్లు కనిపిస్తాయి. మీకు మధుమేహం ఉంది కాబట్టి అదే కారణమని ఆగిపోకూడదు. మెట్‌ఫార్మిన్‌ ఏళ్ల తరబడి వాడితే విటమిన్‌ బీ12 తగ్గొచ్చు. దాని లోపమూ సరిగ్గా ఇలాంటి తిమ్మిర్లే తెస్తుంది. ఇప్పటిదాకా బీ12 పరీక్ష చేయించకపోతే వెంటనే చేయించండి. లోపం బయటపడితే భర్తీ చేయొచ్చు, కొంత స్పర్శ తిరిగి రావొచ్చు కూడా. దాంతోపాటు థైరాయిడ్‌, క్రియాటినిన్‌ (కిడ్నీల పనితీరు), రక్తంలో ప్రొటీన్ల పరీక్ష కూడా అవసరం. మద్యం అలవాటుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. అదీ నరాలను నేరుగా దెబ్బతీస్తుంది.

నరాల బలానికంటూ అమ్మే విటమిన్‌ మాత్రల విషయంలో ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటిలో బీ6 ఉంటుంది. అది ఎక్కువ మోతాదులో నెలల తరబడి ఒంట్లోకి వెళ్తే తానే న్యూరోపతీ తెస్తుంది. రెండు మూడు రకాలు కలిపి వాడుతుంటే వాటి డబ్బాలన్నీ డాక్టరుకు చూపించండి.

చక్కెరను అదుపులో ఉంచితే జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది. అలాగని ఒక్కసారిగా దించేయకూడదు. చాలాకాలం ఎక్కువగా ఉన్న, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ మూడు నెలల్లో 2 పాయింట్లకు మించి పడిపోతే కొందరిలో మంటలు కొత్తగా, తీవ్రంగా మొదలవుతాయి. నరం కోలుకున్నా చాలా నెమ్మదిగానే కోలుకుంటుంది. నరపు పోగు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. అంటే ఫలితం కోసం నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా చూడాలి.

ఈలోగా కాలు చెప్పలేనిది కంటితో తెలుసుకోవాలి. రోజూ ఒకే సమయంలో, మంచి వెలుతురులో రెండు పాదాలూ చూసుకోండి. అరికాలు కనిపించకపోతే కింద అద్దం పెట్టుకోండి, చూపు మందగిస్తే ఇంట్లోవారిని చూడమనండి. వేళ్ల సందులు, మడమ అంచులు, గోళ్ల పక్కలు తప్పకుండా చూడాలి. బొబ్బ, పగులు, ఎర్రదనం, ఆనెకాయ కింద నల్లటి మచ్చ ఉన్నాయేమో గమనించండి. ఆ మచ్చ చాలాసార్లు లోపల రక్తం చేరిందనడానికి గుర్తు, కిందే పుండు ఉండొచ్చు. తర్వాత చేతి వెనక భాగంతో రెండు పాదాలూ తాకి చూడండి. ఒకటి రెండోదాని కన్నా వేడిగా ఉందంటే లోపల ఏదో జరుగుతోందన్నమాట.

గోరువెచ్చటి నీటితో కడగండి. నీటి వేడిని కాలితో ఎప్పుడూ పరీక్షించొద్దు. మోచేత్తో చూడండి, అనుమానముంటే థర్మామీటరు వాడండి, 37 డిగ్రీలు దాటకూడదు. పాదాలను ఎక్కువసేపు నానబెడితే చర్మం మెత్తబడి చిట్లుతుంది. కడిగాక వేళ్ల సందులు పొడిగా ఒత్తండి. మాయిశ్చరైజర్‌ మడమకు, అరికాలికి రాయండి, సందుల్లో వద్దు. అక్కడ తేమ నిలిస్తే ఫంగస్‌ పడుతుంది. గోళ్లను అడ్డంగా, తిన్నగా కత్తిరించి అంచులు అరగదీయండి. ఆనెకాయలను బ్లేడుతో చెక్కొద్దు, వాటికి వేసే ఆమ్లపు పట్టీలు అంటించొద్దు. స్పర్శ లేనిచోట అవి మంచి చర్మాన్నీ కాల్చేస్తాయి, మీకు తెలియదు.

ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవొద్దు. వేళ్ల మధ్య పట్టీ ఉన్న చెప్పులు మీకు పనికిరావు. అవి జారకుండా వేళ్లు బిగించాల్సి వస్తుంది, పట్టీ రాసుకుని పుండు పడుతుంది. మడమ వెనక పట్టు ఉండి, ముందు వెడల్పుగా, పైన బిగించుకునే వీలున్నవి ఎంచుకోండి. సాయంత్రం పూట పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి కాబట్టి అప్పుడే కొనండి. నిలబడినప్పుడు పొడవైన వేలికి ముందు దాదాపు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి. స్పర్శ తగ్గినవాళ్లు బిగుతుగా ఉంటేనే కాలికి సరిపోయిందనుకుంటారు. చాలా పుండ్లకు మూలం ఇదే. కొత్తవి మొదట్లో రోజుకు ఒక గంట వేసుకుని, తీయగానే పాదం చూసుకోండి. వేసుకునే ప్రతిసారీ దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడాలి. రాయి ముక్క రోజంతా గుచ్చుతున్నా తెలియని స్థితి మీది. లేత రంగు సాక్సులు వాడితే రక్తం, చీము మరక వెంటనే కనిపిస్తుంది.

చిన్న గాయమైనా శుభ్రమైన నీటితో కడిగి, పొడి గాజుగుడ్డ కట్టి, ఆ కాలి మీద బరువు మోపకుండా 24 గంటల్లోపు డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని రోజులు గడపడమే ఈ జబ్బులో పెద్ద పొరపాటు. గాయమేమీ లేకుండా పాదం ఎర్రగా, వేడిగా వాచిందా? అది షార్కో ఫుట్‌ కావచ్చు. తెలియకుండానే ఎముకలు విరిగి పాదం ఆకారం మారిపోతుంది. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. నడక ఆపేసి ఆ రోజే వెళ్లండి.

రాత్రి మంటకు ఐస్‌ గడ్డలు పెట్టొద్దు, వేడినీళ్ల సంచీ అసలే వద్దు. దుప్పటి తగిలితే మంట పెరుగుతుంటే అది పాదాలకు తగలకుండా ఎత్తుగా ఉంచుకోండి. ప్రెగాబాలిన్‌తో మత్తు, తూలుడు, కాళ్ల వాపు, బరువు పెరగడం ఉండొచ్చు. కిడ్నీల పనితీరును బట్టి దాని మోతాదు నిర్ణయిస్తారు. ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరు సూచనతో కనీసం వారం పాటు తగ్గిస్తూ రావాలి. మద్యంతో కలిస్తే శ్వాస మందగిస్తుంది. ప్రెగాబాలిన్‌ చాలకపోతే డ్యులాక్సెటిన్‌, అమిట్రిప్టిలిన్‌ లాంటి మందులు ఉన్నాయి. గుండె లయ తేడాలు, ప్రోస్టేట్‌ వాపు, గ్లకోమా ఉంటే అమిట్రిప్టిలిన్‌కు ముందు ఆ సంగతి చెప్పండి. ఐబుప్రొఫెన్‌ తరహా మాత్రలు ఈ నొప్పికి పెద్దగా పనిచేయవు, కిడ్నీలకు మాత్రం చేటు.

దూది మీద నడిచినట్టుందంటే పడిపోయే ప్రమాదమూ ఉంది. పాదం ఎక్కడుందో నరాలు చెప్పనప్పుడు ఆ లోటును కళ్లు పూడుస్తాయి. కళ్లు మూసి ముఖం కడుక్కునేటప్పుడు, చీకట్లో లేచినప్పుడు తూలేది అందుకే. ఒక చేత్తో పట్టుకుని కడుక్కోండి, రాత్రి చిన్న దీపం వెలిగి ఉండనివ్వండి. మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని లేవండి. లేవగానే కళ్లు తిరిగితే డాక్టరుతో చెప్పండి, రక్తపోటును సర్దే నరాలూ దెబ్బతిని ఉండొచ్చు. పాదాల మీద పుండు లేకపోతే నడక మానొద్దు. బరువైన బల్ల పట్టుకుని మడమలెత్తడం 10 సార్లు, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి 30 సెకన్లు నిలబడటం రోజూ చేయండి. పెడల్‌ మీద కాలు ఎంత నొక్కుతోందో తెలియకపోతే కారు నడపడం ఆపేయండి.

మీ పరిస్థితిలో పాదాల పరీక్ష కనీసం 6 నెలలకోసారి జరగాలి. మోనోఫిలమెంట్‌ అనే 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి తీగతో స్పర్శనూ, రక్తప్రసరణ తెలుసుకోవడానికి కాళ్లలో నాడి కొట్టుకోవడాన్నీ చూస్తారు. అయితే బలహీనత రోజుల్లోనే కాళ్ల నుంచి పైకి పాకినా, ఒక పాదం ఒక్కసారిగా వేలాడినా, మూత్రం, మలం అదుపు తప్పినా అది మామూలు మధుమేహ న్యూరోపతీ కాదు. అపాయింట్‌మెంట్‌ కోసం చూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.