నమ్మకం లేకుండా తలనీలాలు ఇస్తే మోసమా?

ప్రశ్న: మాది తిరుపతి. ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్న అమ్మాయిని. నాన్నకి బైపాస్ అయి నాలుగు నెలలైంది. ఆయన క్షేమంగా ఇంటికొస్తే నాకు గుండు చేయిస్తాననీ, అందరం అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతామనీ అమ్మ ఆసుపత్రిలోనే మొక్కేసుకుంది. నాకు రెండేళ్లుగా దేవుడి మీద నమ్మకం లేదు. రుజువు లేదు, కాబట్టి దేవుడు లేడు. జుట్టు పోతుందని కాదు, నమ్మినట్టు నటించడం నావల్ల కావట్లేదు. ఆ మాటంటే 'మీ నాన్నకేమన్నా అయితే ఆ పాపం నీదే' అంటోంది. టెన్షన్‌తో పుస్తకం ముట్టలేకపోతున్నాను.

జవాబు: ముందు నడక సంగతి తేల్చేద్దాం. అలిపిరి దారిలో మూడున్నర వేల పైచిలుకు మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. బైపాస్ అయిన మనిషి ఆపరేషన్ చేసిన డాక్టరు సరేననకుండా ఒక్క మెట్టు కూడా ఎక్కకూడదు. ఇందులో ఆస్తికం, నాస్తికం ఏమీ లేవు. నాన్నగారు బస్సులో వెళతారు. ఈ ఒక్క విషయంలో అమ్మతో గట్టిగానే ఉండండి.

ఇక నమ్మకం. 'రుజువు లేదు, కాబట్టి దేవుడు లేడు' అని రాశారు. బల్ల మీద గ్లాసు లేదని ఎలా చెబుతాం? ఉంటే కనపడేది, కనపడలేదు కాబట్టి లేదు. లైటు వేయకుండా ఆ మాట అనలేం. అసలు కంటికి కనపడే రకం కాని వస్తువు గురించి లైటు వేసినా అనలేం. వెయ్యేళ్ల కిందట న్యాయదర్శనంలో, అంటే మన తర్కశాస్త్రంలో, ఉదయనాచార్యుడు దేవుడి తరఫున చేసిన వాదాల్లో ఇదొకటి. దీంతో దేవుడున్నాడని తేలిపోదు. మీరు అనుకున్నంత తేలిగ్గా లేడనీ తేలదు, అంతే.

అమ్మ లెక్క కూడా అలాంటిదే. మొక్కాను, బతికాడు, కాబట్టి స్వామి ఉన్నాడు. ఆ ఐసీయూ బయట కుర్చీల్లో మొక్కుకున్నవాళ్లు ఇంకెందరో ఉంటారు. అందరి మనుషులూ ఇంటికి రాలేదు. ఇది నిజమే, కానీ ఆవిడతో అనకండి. ఆ రాత్రి ఆవిడకి చెయ్యగలిగిన పని అదొక్కటే. ఆవిడ మీకు సిద్ధాంతం చెప్పడం లేదు, భయపడుతోంది. 'పాపం నీదే' అన్నది కూడా ఆ భయమే. అలాగని ఆ మాట మీరు మోయక్కర్లేదు. నాన్నగారి గుండె మాత్రల మీదా, తిండి మీదా, చెకప్పుల మీదా ఆధారపడి ఉంది, మీ జుట్టు మీద కాదు.

నటన అన్నారు చూశారూ, అక్కడే నాకు కొంచెం తేడా కనిపిస్తోంది. గుండు చేయించుకోవడం నటన కాదు, 'నాకూ నమ్మకమే' అని చెప్పి చేయించుకుంటే నటన. యజ్ఞయాగాల మీద లావు లావు గ్రంథాలు రాసిన మీమాంసకుల్లోనే, అంటే వేదం చెప్పిన కర్మే ముఖ్యమన్న పండితుల్లోనే, కుమారిల భట్టు లాంటివాళ్లు సృష్టికర్త అక్కర్లేదని వాదించారు. వాళ్లు వేదాన్ని నమ్మారు, మీకు అదీ లేదు, కాబట్టి వాళ్లను అడ్డం పెట్టుకోమనడం లేదు. కర్మ చేసే ప్రతివాడి మనసులోనూ ఒకే దేవుడు ఉండాలన్న లెక్క మన దగ్గర ఎప్పుడూ లేదని మాత్రం చెబుతున్నాను. (నేను శనివారాలు ఉపవాసం ఉండే మనిషినే. మా ఆయన ఉపవాసం ఉండరు. ముప్ఫై ఏళ్లుగా ఆ రోజు ఉప్మా ఆయనే చేస్తారు.)

అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు, చుట్టాలెవరూ లేకుండా, సూటిగా చెప్పండి: 'నాకు నమ్మకం లేదమ్మా. నీకోసం నీతో కొండెక్కుతాను.' గుండా, మూడు కత్తెరలా, ఏదీ లేదా అన్నది మీ ఇష్టం, తల మీది. నమ్మకం లేకుండా ఇస్తే స్వామి తీసుకోడని ఆవిడే అనొచ్చు. అప్పుడు మొక్కుకున్న మనిషిగా తలనీలాలు తనే ఇస్తుందేమో అడగండి.

ఒకటి మాత్రం మీ ఉత్తరంలో ఎంత వెతికినా దొరకలేదు. నాన్నగారు ఏమంటున్నారు? గుండె ఆయనది, మొక్కు ఆయన కోసం. ఆయన్ని ఎవరైనా అడిగారా? ఈ రాత్రి మాత్రలు ఇచ్చేటప్పుడు అడగండి. కూతురు గుండుతో తిరగడం ఆయనకి ఇష్టమో లేదో కూడా తెలియకుండా మీరిద్దరూ నాలుగు నెలలుగా పోట్లాడుకుంటున్నారు.

వెళ్లే రోజు నాన్నగారికి తోడుగా బస్సులో ఎవరినైనా పంపి, మీరు అమ్మతో నడవండి. మోకాళ్ల పర్వతం దగ్గరికొచ్చేసరికి ఆవిడకి ఎలాగూ మీ చెయ్యి కావాలి.