16 ఏళ్ల సవారీ గుర్రానికి 4 లక్షలు న్యాయమైన ధరేనా?

మీ ప్రశ్న చదవగానే ఆరేళ్ల కిందటి మా ఇల్లు గుర్తుకొచ్చింది. మీ పాపకు 13 ఏళ్లు, మూడేళ్లుగా సవారీ నేర్చుకుంటోంది. ఎలహంక వైపు ఒకరు 16 ఏళ్ల గెల్డింగ్‌ను (విత్తులు తీసిన మగ గుర్రాన్ని) 4 లక్షలకు ఇస్తామంటున్నారు. రైడింగ్ మాస్టారు "అనుభవమున్న గుర్రం, ఆ ధర పెట్టవచ్చు" అంటున్నారు. మీకేమో వయసు చూసి అడుగు ముందుకు పడటం లేదు. మా అమ్మాయికి 14 ఏళ్లప్పుడు ఇదే బెంగళూరులో నేనూ ఇలాగే నెలన్నర తిరిగాను. చివరికి మూడున్నర లక్షలు చెప్పిన గుర్రాన్ని 2,25,000 రూపాయలకు కొన్నాను.

ముందు వయసు సంగతి. బాగా చూసుకుంటే గుర్రం 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. కాబట్టి 16 అనగానే బెదిరిపోకండి. పిల్లలకు కొనేవాళ్లు భయపడాల్సింది ఐదారేళ్ల పడుచు గుర్రాన్ని చూసి. ఇక్కడ చవకగా దొరికేవాటిలో రేసుల నుంచి తప్పించిన థరోబ్రెడ్‌లు (పందేల కోసం పెంచే జాతి గుర్రాలు) చాలా ఉంటాయి. వాటికి చిన్నప్పటి నుంచి నేర్పింది వేగంగా పరుగెత్తడమే. నెమ్మదిగా మలుపు తిరగడం, చెప్పినచోట ఆగడం, పైనున్న పిల్ల పట్టు తప్పి జూలు పట్టుకు వేలాడితే ఓర్చుకోవడం ఇవన్నీ తర్వాత ఎవరో ఏళ్ల తరబడి నేర్పాలి. అమ్మేవాళ్లు అనుభవం అంటున్నది ఆ ఏళ్లనే. దానికి డబ్బు పెట్టడంలో తప్పేమీ లేదు, అది నిజంగా ఉంటే.

మా గుర్రాన్ని మొదటిసారి చూడబోయిన రోజు, మా అమ్మాయి దాని మీద ఉండగానే ఒక హెలికాప్టర్ తక్కువ ఎత్తులో మైదానం దాటింది. ఎలహంక, జక్కూరు చుట్టుపక్కల ఇది మామూలే. అక్కడే ఉన్న రెండు పడుచు గుర్రాలు పక్కకు గెంతాయి. ఒకటి సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) చేతిలోంచి తాడు లాగేసుకుంది. ఇది మాత్రం చెవులు రెండూ అటు తిప్పి, ఒక్క క్షణం నిలబడి, అమ్మాయి మడమ తాకగానే మళ్లీ నడక అందుకుంది. ఆ క్షణానికే నేను మనసులో 50 వేలు కలుపుకున్నాను. మీ పాపకు చూపిస్తున్న గుర్రం ఇలాంటప్పుడు ఏం చేస్తుందో మీ కళ్లతో చూడండి. గోడ మీద వేలాడుతున్న పతకాలను బట్టి నిర్ణయించుకోకండి.

ఇక ధర తగ్గించాల్సింది కాళ్ల దగ్గర. దీనికంటే ముందు మేము ఇంకో గుర్రాన్ని దాదాపు ఖాయం చేసుకున్నాం. ఉదయం ఏడింటికి రమ్మన్నారు, నేను ఆరింటికే వెళ్లాను. జీను అప్పటికే తీసేశారు. కానీ పొట్ట కింద పట్టీ బిగించే చోట వెంట్రుకలు తడిసి అట్టకట్టి ఉన్నాయి. మేము వచ్చేలోపు దాన్ని బాగా తిప్పి ఉంచారన్నమాట. కీళ్లవాతం ఉన్న గుర్రం శాలలోంచి బయటికి రాగానే బిగుసుకుని నడుస్తుంది, కాసేపు తిప్పితే ఒళ్లు వేడెక్కి మామూలుగా కనిపిస్తుంది. అక్కడి సైసుది మదనపల్లె. నేను తెలుగువాణ్ణని తెలిశాక నీళ్ల తొట్టి దగ్గర మెల్లగా అన్నాడు: "సార్, ఇప్పుడు వానలు కదా, నేల మెత్తగా ఉంది. ఒకసారి ఎండాకాలంలో వచ్చి చూడండి." ఇక్కడి ఎర్రమట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇటుకలా గట్టిపడుతుంది. అప్పుడా గుర్రం ముందరి కాలి మీద బరువు మోపకుండా నడుస్తుందట. ఆ మనిషికి నేను ఈ రోజుకూ రుణపడి ఉన్నాను.

అందుకే చెప్పిన సమయానికి గంట ముందు వెళ్లండి. గుర్రాన్ని శాలలోంచి మీ ఎదుటే బయటికి తెమ్మనండి. ఇసుక మైదానంలో కాకుండా సిమెంటు బాట మీద, తాడు వదులుగా పట్టి, తిన్నగా ట్రాట్ (నడకకూ పరుగుకూ మధ్య ఉండే చిన్న దౌడు) చేయించమనండి. ముందరి కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు మోపినప్పుడు తల పైకెత్తుతుంది, బాగున్న కాలు మోపినప్పుడు దించుతుంది. నాలుగైదు సార్లు చూస్తే ఎవరి కంటికైనా దొరుకుతుంది.

ఆ తర్వాత పని గుర్రాల వైద్యుడిది. ఆయన అమ్మేవాళ్ల వైద్యుడు కాకూడదు, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. ఒక్కో కాలి కీలును నిమిషం పాటు మడిచి పట్టుకుని, వదలగానే ట్రాట్ చేయించి చూస్తారు. గిట్టలకు, మోకాళ్లకు ఎక్స్‌రే తీయించండి. రక్తం తీసి నొప్పి మందులకు పరీక్ష చేయించమనండి. ఫినైల్‌బ్యూటజోన్ అనే మందు వేస్తే కుంటు కొన్ని రోజులు కనిపించదు. మీ శాలలో వేరే గుర్రాలుంటే గ్లాండర్స్ పరీక్ష కూడా కావాలి. అది మనుషులకూ సోకే జబ్బు, ఒకసారి నిర్ధారణ అయితే ఆ గుర్రాన్ని బతకనివ్వరు.

వయసు నిజమా కాదా అన్నది ఇంకో లెక్క. మా గుర్రానికి 13 ఏళ్లని చెప్పారు. పై వరుసలో ముందరి పళ్లలో చివరిదాని మీద నిలువుగా గోధుమరంగు గాడి ఒకటి ఉంటుంది. సుమారు పదేళ్లకు చిగురు దగ్గర మొదలై, 15 ఏళ్లకు పంటిలో సగం దాకా, 20 ఏళ్లకు చివరి దాకా దిగుతుంది. వైద్యుడు పెదవి ఎత్తి చూపిస్తే గాడి సరిగ్గా సగానికి వచ్చి ఉంది. పళ్లు చెప్పేది అంచనాయే కాబట్టి కాగితాలు అడిగాను. థరోబ్రెడ్‌ల పుట్టుక వివరాలు పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ దగ్గర నమోదవుతాయి, ఏడాదిలో ఎప్పుడు పుట్టినా వయసు జనవరి 1 నుంచి లెక్కిస్తారు. కాగితం ప్రకారం అది కర్ణాటకలోని కుణిగల్ గుర్రాల పెంపక కేంద్రంలో పుట్టింది, వయసు 15. అక్కడే బేరం మారిపోయింది. మీ గుర్రం థరోబ్రెడ్ అయితే ఈ కాగితం చూడకుండా బయానా ఇవ్వకండి. పళ్లు చూస్తున్నప్పుడే గడ్డి వేసే చోట నేల కూడా చూడండి. సగం నమిలి వదిలేసిన గడ్డి ముద్దలు పడి ఉంటే నోట్లో ఏదో బాధ ఉన్నట్టే. వయసు మళ్లిన గుర్రానికి తిండి ఒంటబట్టకపోతే మిగతావన్నీ దండగ.

ఇప్పుడు అసలు లెక్క. గుర్రం తనకు 20 ఏళ్లు వచ్చేవరకు పిల్లల సవారీకి పనికొస్తుందని నేను జాగ్రత్తగా అనుకున్నాను. అప్పట్లో అంతే శిక్షణ ఉన్న 9 ఏళ్ల గుర్రానికి 5 లక్షలు చెప్పారు. అంటే 11 ఏళ్ల సవారీకి 5 లక్షలు, ఏడాదికి సుమారు 45,000. మాదానికి మిగిలినవి 5 ఏళ్లు, అంటే 2,27,000. హెలికాప్టర్ నాటి నిబ్బరానికి 50 వేలు కలిపాను. ఎక్స్‌రేలో ముందరి గిట్ట కీలులో కొద్దిపాటి అరుగుదల కనిపించింది, దానికి 50 వేలు తీశాను. ఎక్స్‌రే బల్ల మీద పెట్టి, లెక్క కాగితం మీద రాసి చూపిస్తే అమ్మే ఆయన కాసేపు కోపంగా ఉండి, ఆ తర్వాత ఒప్పుకున్నారు.

ఇదే లెక్క మీకు వేస్తే, 16 ఏళ్ల గుర్రానికి మిగిలినవి 4 ఏళ్లు. 4 లక్షలు అంటే ఏడాదికి లక్ష. ఆ ధర న్యాయమనిపించాలంటే అంతే శిక్షణ ఉన్న 9 ఏళ్ల గుర్రం 11 లక్షలు పలకాలి. నాలుగైదు చోట్ల అడిగి చూడండి. 7 లక్షల దగ్గర దొరుకుతోందంటే, మీరు చూస్తున్నదాని ధర 2,55,000 దగ్గర మొదలవ్వాలి. పాప ఎక్కినప్పుడు అది చూపించే ఓర్పును బట్టి ఇంకో 50 వేలు కలపవచ్చు, అంతకు మించి నేనైతే కలపను.

మాస్టారి గురించి కూడా చెప్పాలి, బాధ కలిగించినా సరే. నేను మొదట నమ్మిన మాస్టారు అమ్మేవాళ్ల దగ్గర కూడా కమీషన్ మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. మీ మాస్టారు అలాంటివారని అనడం లేదు. "గురువుగారూ, ఇందులో మీకు ఎంత వస్తుంది?" అని మర్యాదగా, నేరుగా అడగండి. మంచివారైతే చెబుతారు, ఆ డబ్బు మీరే ఇవ్వవచ్చు.

కొన్న ధర కంటే పోషణ పెద్దది. శాలకు, మేతకు, సైసుకు నెలకు 22,000, ఐదారు వారాలకోసారి నాడాలు, పళ్లు అరగదీయించడం, నులిపురుగుల మందు, టీకాలు అన్నీ కలిపి మాకు ఏడాదికి 3 లక్షలు దాటింది. కాబట్టి లక్ష తగ్గిందని కాళ్లు బాగాలేని గుర్రాన్ని తెచ్చుకుంటే ఆ లక్ష నాలుగు నెలలు కూడా నిలవదు.

మా గుర్రానికి ఇప్పుడు 21. నిరుడు సవారీ మాన్పించాం. దొడ్డబళ్లాపురం దగ్గర ఒక తోటలో నెలకు 10,000 ఇచ్చి ఉంచాం. ఆదివారాలు మా అమ్మాయి ఉడికించిన ఉలవలు డబ్బాలో పట్టుకెళుతుంది, డబ్బా మూత చప్పుడుకే కంచె దగ్గరికి వచ్చేస్తుంది. ఈ ఖర్చు కొన్న రోజునే లెక్కలో ఉండాలి. పాప పై చదువులకు వెళ్లాక, గుర్రం ఎక్కడానికి పనికిరాని రోజున, అది ఎక్కడ ఉంటుందో మీ ఇంట్లో ముందే మాట్లాడుకోండి. దానికి జవాబు లేకపోతే కొనకండి, నెల అద్దెకు తీసుకుని ఎక్కించండి. చాలాచోట్ల ఇస్తారు.

అమ్మేవాళ్లు ఒప్పుకుంటే రెండు వారాలు మేత ఖర్చు మీరే భరించి పాపతో ఎక్కించి చూడండి. ఒప్పుకోకపోతే ఎందుకో అడగండి. ఎక్స్‌రే వచ్చాక ఏ కాలిలో ఏం కనిపించిందో ఇక్కడ రాస్తే, ఎంత తగ్గించమని అడగాలో నాకు తోచినది చెబుతాను.