కీచు గొంతా, కీచు మైకా?

ఈసారి సంగీతం శీర్షికకు వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి: వేదిక మీద ఆడవాళ్ళు పాడుతుంటే, వాయిస్తుంటే జనం ఎలా వింటున్నారు? 'జనానికి నచ్చడం లేదండీ' అనే మాట తవ్వి చూస్తే, చాలాసార్లు అడుగున గొంతుకు తగ్గట్టు స్కేలు (శ్రుతి) మార్చని కీబోర్డో, తప్పుగా పెట్టిన స్పీకరో బయటపడుతుంది. అవి సరిచేశాక కూడా ఏదైనా మిగిలితే దాన్ని చిన్నచూపు అనవచ్చు. ముందు ఈ రెంటినీ విడదీసుకోవాలి.

*మా ఊళ్ళో దసరాకు ఏటా పాటకచేరీ పెడతాం. అబ్బాయిలు పాడితే కదలకుండా వింటారు. అమ్మాయి పాట ఎత్తుకోగానే 'కీచుగా ఉంది, ఆపండి' అని కేకలు. వచ్చే ఏడు మగవాళ్ళనే పిలుద్దామని కమిటీలో కొందరంటున్నారు. ఏం చేయమంటారు?*
— ఉత్సవ కమిటీ సభ్యుడు, తణుకు

తీర్మానం రాసేముందు మీ ఆర్కెస్ట్రా వాళ్ళను ఒక్క మాట అడగండి: అమ్మాయి పాడేటప్పుడు స్కేలు మారుస్తున్నారా? మగవాళ్ళ శ్రుతి సాధారణంగా ఒకటి నుంచి రెండు మధ్య, అంటే సి, సి షార్ప్, డి. ఆడవాళ్ళది ఐదు, ఐదున్నర ప్రాంతం, అంటే జి, జి షార్ప్. మగగొంతుకు కట్టిన పాటను అదే స్కేలులో వాయిస్తే అమ్మాయికి రెండే దారులు. అదే స్థాయిలో పాడితే పల్లవి మంద్రంలో, అంటే కింది స్థాయిలో, మునిగి వినపడదు. పై స్థాయి ఎత్తుకుంటే చరణంలో గొంతు చిరుగుతుంది. అతను 440 హెర్ట్జ్ దగ్గర అందుకున్న పై స్వరం ఆమెకు 880 అవుతుంది. బాగా సాధన చేసిన గొంతుకైనా అక్కడ నిలబడి మాట స్పష్టంగా పలకడం కష్టం. మీ జనం 'కీచు' అంటున్నది ఆ స్వరాన్నే కావచ్చు.

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్‌తో స్కేలును నాలుగైదు సెమీటోన్లు (అర మెట్లు) పైకి జరపాలి. గిటారుకు నాలుగో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ అదిమిపట్టే బిగింపు) బిగిస్తే చేతివేళ్ళ పట్లు మారవు. చిక్కంతా వేణువుకు, తబలాకు. వేణువు వేరేది కావాలి, తబలా కుడి వేరేది కావాలి. అవి మోసుకురావడానికి బద్ధకించి స్కేలు మార్చని బృందాలు బోలెడు. ట్రాక్ పెట్టి పాడేవాళ్ళు ఫోన్‌లోనే శ్రుతి పెంచుకోవచ్చు, కానీ నాలుగు సెమీటోన్లు దాటితే వాద్యాలు ఆటబొమ్మల్లా మోగుతాయి. యుగళగీతాలను మాత్రం కదపకండి, సంగీత దర్శకుడు రెండు గొంతులకూ సర్ది కట్టి ఉంటాడు.

ఇక మైకుసెట్టు. స్తంభాలకు కట్టే గొట్టం స్పీకర్లు మాట దూరం వెళ్ళడానికి చేసినవి. వాటిలో కింది ధ్వని దాదాపు రాదు, మధ్యభాగం మాత్రం చెవులు పగిలేలా మోగుతుంది. మనిషి చెవి అత్యంత చురుగ్గా పనిచేసేది 2 నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య. గొట్టం స్పీకరు పొడిచేదీ అక్కడే. తప్పు ఎవరిదో తేల్చడానికి ఒక పని చేయండి. మిక్సర్ నుంచి నేరుగా ఒక పాట రికార్డు చేయండి, అదే పాటను పందిరి చివర ఫోన్‌లో కూడా పట్టండి. మర్నాడు రెండూ ఇయర్‌ఫోన్లలో వినండి. మిక్సర్ రికార్డింగులో గొంతు నిండుగా ఉండి, పందిట్లోది గీసినట్టుంటే అమ్మాయిని అనడానికి ఏమీ లేదు.

గొట్టాలకు ప్రకటనలు మాత్రమే పంపండి, పాట పెట్టె స్పీకర్లలోనే రానివ్వండి. ఆమె ఛానల్‌లో లో-కట్ (కింది గుమగుమను కోసేసే) బటన్ నొక్కండి. మిడ్ గుండీని కాస్త పెంచి, 2 నుంచి 4 వేల మధ్య మెల్లగా తిప్పుతూ ఎక్కడ చెవిలో గుచ్చుకుంటోందో పట్టుకుని, అక్కడ 3, 4 డెసిబెల్స్ తగ్గించండి. ట్రెబుల్ మొత్తం దించేస్తే మాట మసకబారుతుంది. ఎకో సగానికి తగ్గించండి. మైకు నోటికి రెండు మూడు అంగుళాల్లో ఉండాలి, దూరమైతే గొంతు పలచబడుతుంది. మైకు బంతిని గుప్పిట్లో మూస్తే కూత మొదలవుతుంది.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది మానిటర్, అంటే పాడేవాళ్ళకు తమ గొంతు వినిపించే స్పీకరు. తన గొంతు తనకు వినపడకపోతే ఎవరైనా అరుస్తారు. చాలా వేదికల మీద ఉన్న ఒక్క మానిటర్ ప్రధాన గాయకుడి కాళ్ళ దగ్గర ఉంటుంది. అమ్మాయి పక్కకు నిలబడి అంచనా మీద పాడుకుంటూ పోతుంది. ఆమెకు ఎదురుగా, మైకు వీపు వైపు ఒకటి పెట్టించండి. ఇవన్నీ చేసి, ఆ తర్వాతా కేకలొస్తే మళ్ళీ రాయండి.

*నాది లావు గొంతు. మాస్టారు ఐదున్నరలోనే పాడమంటారు, అందులో పై షడ్జం దగ్గరే గొంతు బిగుసుకుపోతోంది. 'మగగొంతు' అని ఎగతాళి కూడా.*
— ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

మధ్యాహ్నం దాటాక, పది నిమిషాలు సరళీస్వరాలు పాడి, తంబూరా యాప్‌ను ఐదు మీద పెట్టండి. మంద్ర పంచమం గాలి పోకుండా పలకాలి, తార (పై స్థాయి) గాంధారం మెడనరాలు బిగవకుండా నిలవాలి. రెండోది కుదరకపోతే నాలుగున్నర, నాలుగు, మూడు అంటూ దించుకుంటూ రండి. (మూడున్నర అంటూ లేదు, మూడు తర్వాత నాలుగే.) పొద్దున లేస్తూనే పరీక్షించుకోకండి, అప్పుడు ఎవరి గొంతైనా కిందే ఉంటుంది. రెండూ కుదిరిన చోటే మీ శ్రుతి. ఉషా ఉతుప్‌ను గొంతు సరిపడదని బడిలో సంగీతం క్లాసు నుంచి పంపేశారు. ఆమె 1969లో మద్రాసు నైట్‌క్లబ్‌లో చీరకట్టుతో, అదే లావు గొంతుతో పాడటం మొదలుపెట్టి, 2024లో పద్మభూషణ్ అందుకున్నారు. మాస్టారికి ఈ సంగతి వినయంగానే చెప్పండి.

*కాలేజీ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాను. 'ఆడపిల్లవైనా బాగా కొట్టావు' అంటారు, లేదా 'వీడియోలో కనపడటానికి పెట్టుకున్నారు' అంటారు. మా బ్యాండులోనే ఒకడు రెండోది నమ్ముతున్నాడు.*
— విజయవాడ

ఆ ఒకడి కళ్ళకు గంతలు కట్టండి. అదే డ్రమ్స్, అవే మైకులు, చెవిలో తాళం వేసే క్లిక్ వేగం నిమిషానికి 100. మీరు రెండుసార్లు, ఇంకో డ్రమ్మర్ రెండుసార్లు ఒకే పాట వాయించండి. నాలుగు ఫైళ్ళకూ అంకెలు మాత్రమే పెట్టి వినిపించండి. నాలుగింటి వాల్యూమ్ సమానం చేయడం మరవకండి. కాస్త గట్టిగా వినపడినదే మంచిదనిపించడం చెవికి పుట్టుగుణం.

అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాలు 1970, 80లలో ఎంపికకు తెర కట్టడం మొదలుపెట్టాయి. చెప్పుల చప్పుడుకు ఆడో మగో తెలిసిపోతుందని కింద తివాచీ కూడా పరిచేవారు. (మన దగ్గరైతే గాజులూ పట్టీలూ కూడా తీయించాలి.) ఆ తెరవల్ల ఎంతమంది ఆడవాళ్ళు పెరిగారన్న లెక్కమీద 2000లో వచ్చిన పేరున్న పరిశోధనను తర్వాత గణాంక నిపుణులు తప్పుబట్టారు, అంచేత ఇక్కడ శాతాలు చెప్పడం లేదు. ఆబీ కోనంట్ సంగతి మాత్రం తిరుగులేనిది. 1980లో జర్మనీలోని మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ట్రాంబోన్ (ఇత్తడి ఊదు వాద్యం) ఎంపిక పోటీకి ఆమెను పిలిచిన ఉత్తరంలో 'హెర్', అంటే 'శ్రీ' అని రాశారు. తెరచాటున వాయించి ప్రథమస్థానం గెలిచారు. తెర తీశాక కథ మారింది. రెండో స్థానానికి దించారు. ఊపిరి చాలుతుందని నిరూపించుకోవడానికి ఊపిరితిత్తుల పరీక్షలు చేయించుకోవాల్సి వచ్చింది. కోర్టులో పూర్తిగా గెలిచేసరికి 1993.

మీ వైపు చూసుకోవాల్సినవి రెండు. ఆరుబయట మైకుల్లేని డ్రమ్స్ గిటారు ఆంప్ పక్కన వినపడవు, అప్పుడు జనం 'చేతిలో బలం లేదు' అంటారు. కిక్‌కు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకు) ఒకటి, స్నేర్‌కు (ముందుండే చిన్న డ్రమ్ముకు) ఒకటి, పైనుంచి ఒకటి, మూడు మైకులు అడగండి. రెండోది, వ్యాఖ్యాత 'మా లేడీ డ్రమ్మర్' అనకూడదు. మిగతావాళ్ళకు ఎలా చెబుతాడో అలాగే, పేరు, వాద్యం. 'లేడీ' అన్న మరుక్షణం జనం వినడం మాని చూడటం మొదలుపెడతారు.

*మా అమ్మాయి ఆరేళ్ళుగా మృదంగం నేర్చుకుంటోంది. 'ఆడపిల్ల మృదంగానికి కచేరీలు ఎవరిస్తారు, వీణ నేర్పించాల్సింది' అని బంధువులు నిరుత్సాహపరుస్తున్నారు.*
— తండ్రి, కాకినాడ

బంధువుల మాటకు వెనక చరిత్ర ఉంది. మృదంగంలో పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటివాడు చాలాకాలం గాయనులకు వాయించనే లేదు. ఆ పట్టు సడలింది గాయని డి.కె. పట్టమ్మాళ్ దగ్గర. ఘటం సుకన్యా రాంగోపాల్ పక్కన కూర్చోవడానికి ఒప్పుకోని మృదంగ విద్వాంసులుండేవారు. శ్రోతకన్నా ముందు తోటి కళాకారులే అడ్డం పడ్డారన్నమాట. సుకన్య ఆగలేదు, 'స్త్రీ తాళ తరంగ్' పేరుతో ఆడవాళ్ళ బృందం కట్టారు. మృదంగంలో తిరుకోకర్ణం రంగనాయకి అమ్మాళ్ అంతకు చాలా ముందే దారి వేశారు. మన ఏలూరులో పుట్టిన దండమూడి సుమతిగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. నాదస్వరంలో కాలీషాబీ మహబూబ్‌కు భర్తతో కలిపి అంతకు ముందు ఏడు, 2020లో వచ్చింది.

ఇక పని విషయం. ఒక్క మృదంగంతో కచేరీలు రావు. గాయనులకు హెచ్చు శ్రుతిది, సుమారు 22 అంగుళాలు. గాయకులకు తగ్గు శ్రుతిది, సుమారు 24. ఒక వాద్యాన్ని రాయితో, కర్రముక్కతో కొట్టి అర, ఒక మెట్టు మించి జరిపితే నాదం చచ్చిపోతుంది, లేదా వార్లు తెగుతాయి. అమ్మాయిలకు తరచు హెచ్చు శ్రుతిది ఒక్కటే కొనిపెడతారు. దాంతో గాయనుల కచేరీలకు, నాట్యానికి మాత్రమే పిలుపులొస్తాయి. చివరికి 'ఆడవాళ్ళకే వాయిస్తుంది' అనే ముద్ర పడుతుంది. తగ్గు శ్రుతి వాద్యం బరువు, మోయడానికి చక్రాల పెట్టె కొనండి, వెనకాడకండి.

తొప్పికి (మృదంగం ఎడమ వైపుకు) రవ్వ ముద్ద పెట్టడం, కచేరీ మధ్యలో ఎండితే తడపడం, శ్రుతి చేసుకోవడం ఆమే చేయాలి. వేదిక మీద తండ్రో గురువో వచ్చి శ్రుతి చేసి వెళితే ముందువరుస చూస్తుంది, వాయించకముందే తీర్పు ఇచ్చేస్తుంది. ఆకాశవాణి ఆడిషన్‌కు దరఖాస్తు పెట్టించండి. బీ, బీ-హై, ఏ, టాప్ గ్రేడుల్లో బీ-హై వచ్చినా సభల కార్యదర్శులతో మాట్లాడటం తేలికవుతుంది. తని ఆవర్తనంలో (తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టంలో) ఆమెకు రెండే నిమిషాలిచ్చి ఘటానికి ఆరు ఇస్తే, అది కచేరీకి ముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

*జాతరల్లో ఆర్కెస్ట్రాకు పాడతాను. రాత్రి తొమ్మిది దాటితే ఐటం పాటల చీటీలు, స్టేజీ ఎక్కి నోట్లు ఇవ్వబోవడం. ఆ పాట పాడితే నన్నూ అలాంటిదాన్నే అనుకుంటారు. వీడియోల కింద కామెంట్లు చదవలేను.*
— గాయని, ప్రకాశం జిల్లా

గొంతుకూ నడతకూ ముడిపెట్టడం జనానికి సినిమాయే నేర్పింది. కథానాయికకు ఒక గొంతు, క్లబ్బు పాటకు ఒక గొంతు అని పంచేశారు. గాయని ఎల్.ఆర్. ఈశ్వరిని క్లబ్బు పాటల గొంతన్నారు. తమిళనాట అమ్మవారి గుళ్ళలో ఆషాఢమంతా మోగే భక్తిపాటల్లోనూ ఆ గొంతే. విన్నవాడు అక్కడ దండం పెడతాడు, ఇక్కడ ఈల వేస్తాడు.

ఒప్పుకునేటప్పుడే కాగితం మీద రాయించుకోండి: ఎన్ని పాటలు, ఎన్నింటికి ముగింపు, అలాంటి పాటలు ఎన్ని, తిరుగు బండి ఎవరిది, బట్టలు మార్చుకునే గదికి లోపలి గడియ ఉందా. ప్రత్యేక అనుమతి లేకపోతే రాత్రి పదికి మైకు ఆపాలన్నది కేంద్ర నిబంధన, అది మీకే మేలు. హుషారు పాటలు మధ్యలో పెట్టించండి. చివరన పెడితే జనం ఆ ఊపులోనే స్టేజీ వైపు వస్తారు. చీటీలు వ్యాఖ్యాతకు చేరాలి, అతను పాట పేరే చదవాలి. నోట్లకు స్టేజీ కింద ఒక పళ్ళెం, పక్కన కమిటీ మనిషి. స్టేజీ ముందు అంచుకు కింది నుంచి ఫోన్లు పట్టకుండా గుడ్డ కట్టించండి.

కామెంట్లకు ఛానల్ సెట్టింగుల్లో అడ్డుపెట్టే మాటల జాబితా ఉంటుంది. బూతులను తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనూ, అక్షరాల మధ్య చుక్కలు పెట్టీ, మూడు రకాలుగా ఎక్కించాలి. ఒక్క రకమే పెడితే మిగతావి జారిపోతాయి. ఆ పని మీరు చేయకండి, అవి చదివినా మనసుకు పట్టించుకోని మనిషి ఎవరైనా చేయాలి. శ్రీనగర్‌లో ముగ్గురు బడిపిల్లల 'ప్రగాష్' బ్యాండు మీద మొదట కురిసింది ఇలాంటి కామెంట్లే. 2013 ఫిబ్రవరిలో ఫత్వా కూడా వచ్చింది, బ్యాండు ఆగిపోయింది. అంచేత 'కామెంట్లే కదా' అనే కమిటీతో వాదించడానికి వెనకాడకండి.

*ఆరుగురం కలిసి అందరూ ఆడవాళ్ళే ఉన్న బృందం పెడుతున్నాం. 'మహిళా' అని పేరులో పెట్టుకోవాలా?*
— హైదరాబాద్

పెట్టుకుంటే మొదటి ఏడాది పిలుపులు వస్తాయి, తర్వాత మార్చి 8కే వస్తాయి. పూర్వం అలా విడిగా నిలబడక తప్పలేదు. తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వకపోతే బెంగుళూరు నాగరత్నమ్మ 1927లో ఆడవాళ్ళతో వేరుగా జరిపించారు, 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒక్కటయ్యాయి. 1940లలోనే మోటూరి ఉదయం వంటివారు కథకురాలూ వంతలూ అంతా ఆడవాళ్ళే అయిన బుర్రకథ దళం కట్టారు. మీకు ఆ అవసరం ఉందో లేదో మీరే చూసుకోండి. మా మాటైతే పేరులో వద్దు, ఫొటోలో ఎలాగూ తెలుస్తుంది.

బేస్ గిటారుకు, సౌండుకు ఆడవాళ్ళు తేలిగ్గా దొరకరు. నియమం కోసం చేతకాని మనిషిని తెస్తే ఆ ఒక్కరి తప్పు ఆరుగురి మీదా పడుతుంది, 'ఆడవాళ్ళు వాయిస్తే ఇంతే' అంటారు. దొరికేదాకా మగ బేసిస్టును పెట్టుకోండి. ప్రతి వాద్యానికీ ఒక బదిలీ మనిషిని ఇప్పటినుంచే చూసుకోండి. మొదటి కచేరీకి పన్నెండు పాటలు చాలు, ఒక్కోదానికి స్కేలు, వేగం, ఎత్తుగడ ఎవరిదో రాసిన కాగితం ఆరుగురి దగ్గరా ఉండాలి.